ఇంట్లో కారు చక్రం నట్లు బిగించడానికి హాఫ్ ఇంచ్ క్లిక్ టార్క్ రెంచ్: కొనవచ్చా?

కొనవచ్చు. టార్క్ రెంచ్ అంటే నట్టును తిప్పే బలం, అంటే టార్క్, మనం పెట్టిన అంకెకు రాగానే క్లిక్ కొట్టి చెప్పే స్పానర్. ఆ బలాన్ని కొలిచేది న్యూటన్ మీటర్లలో. హాఫ్ ఇంచ్ డ్రైవ్ (నట్టు మీద తొడిగే సాకెట్‌ను తగిలించే చదరపు మొన), 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా స్కేలు, ఎర్రటి ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే మామూలు క్లిక్ రకం రెంచ్ చాలు. ఇంటి కారుకు అంతకంటే ఖరీదైనది అక్కర్లేదు. అయితే దీన్ని కొన్నంత మాత్రాన చక్రం సరిగ్గా బిగిసినట్టు కాదు. నట్టు తిరగడానికి ఎంత బలం పడుతోందో మాత్రమే ఈ రెంచ్‌కు తెలుస్తుంది. స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) లోపల ఎంత సాగి రిమ్మును ఎంత బలంగా పట్టుకుందో దానికి తెలియదు. ఆ రెండింటికీ మధ్య తుప్పు, మట్టి, నూనె, పెయింటు ఉంటాయి. వాటి సంగతి చూడకుండా వాడితే అది తప్పుడు పనికి కూడా నిక్షేపంగా క్లిక్ కొడుతుంది. అందుకే ఇక్కడ రెంచ్ మంచిచెడులతో పాటు దాన్ని వాడే తీరు గురించీ చెప్పాల్సి వస్తోంది.

ముందు, కాలితో తొక్కి బిగిస్తే పోయేదానికి ఇదెందుకు అనే ప్రశ్న. కారుతో పాటు డిక్కీలో వచ్చే ఎల్ ఆకారపు వీల్ స్పానర్ పొడవు సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల స్పానర్ చివర 70 కిలోల మనిషి పూర్తిగా నిలబడితే నట్టు మీద పడేది 206 న్యూటన్ మీటర్లు. చిన్న కార్లలో చాలావాటికి కావాల్సింది 100. అంటే అక్షరాలా రెట్టింపు. ఎగిరి తొక్కితే ఇంకా ఎక్కువ. స్పానర్‌కు పైపు తొడిగి బిగిస్తే ఇక చెప్పక్కర్లేదు. మరోవైపు, చేత్తో మాత్రమే లాగి, అదీ వంగి కూర్చుని లాగేవాళ్లు 60, 70 దగ్గరే ఆగిపోతుంటారు. ఒకే చక్రంలో ఒక నట్టు 70, పక్కది 180 ఉండటం మన పంచర్ షాపుల్లో అరుదేమీ కాదు. అసలు ఇబ్బంది ఆ తేడాతోనే మొదలవుతుంది.

12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద పొడి మరలతో 100 న్యూటన్ మీటర్లు బిగిస్తే, లెక్క ప్రకారం ఆ స్టడ్డు సుమారు 4.2 టన్నుల బలంతో రిమ్మును హబ్‌కు (చక్రం తగిలే ఇరుసు చివరి భాగానికి) అదిమి పట్టుకుంటుంది. నాలుగు నట్లు కలిపితే 17 టన్నులు. కారు బరువును, బ్రేకు వేసినప్పటి తోపును మోసేది ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే. స్టడ్లు కొక్కేల్లా బరువు మోయవు. అదుముడు తగ్గితే రిమ్ము హబ్ మీద వెంట్రుకవాసి జరగడం మొదలుపెడుతుంది, నట్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి, స్టడ్లు అటూ ఇటూ వంగి వంగి అలసి తెగిపోతాయి. ఎక్కువ బిగించినా ముప్పే. 10.9 గ్రేడు (గట్టి ఉక్కు) స్టడ్డు అయితే శాశ్వతంగా సాగకుండా ఏడున్నర టన్నుల దాకా ఓర్చుకుంటుంది. ఇందాకటి 206 దగ్గర లెక్క ఎనిమిదిన్నర టన్నులు దాటుతుంది. ఆ రోజు ఏమీ కాదు. సాగిన స్టడ్డు మళ్లీ అంత గట్టిగా పట్టలేదు కాబట్టి, తర్వాతెప్పుడో నట్టు విప్పేటప్పుడు మర ఊడివస్తుంది, లేదా స్టడ్డే చేతికొస్తుంది.

ఇక వస్తువు సంగతి.

ఈ రకం రెంచ్‌లో గొట్టం మీద ఒక నిలువు గీత, దాని పక్కన అడ్డగీతలతో 28, 42, 56, 70, 84, 98, 112 అంటూ 14 చొప్పున పెరిగే అంకెలు ఉంటాయి. పిడి అంచు చుట్టూ 0, 2, 4 మొదలుకుని 12 దాకా. పిడి ఒక చుట్టు తిరిగితే 14. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే గొట్టం మీద 100 అనే అంకే కనిపించదు. పిడి పై అంచు 98 అడ్డగీతను తాకి, పిడి మీది 0 నిలువు గీతకు ఎదురుగా వచ్చేదాకా తిప్పాలి. అక్కడి నుంచి ఇంకాస్త తిప్పి 2 దగ్గర ఆపితే 100. 103 కావాలంటే 98 దాటాక 4కూ 6కూ మధ్య. 108కి 98 తర్వాత 10. 120 అయితే 112 దాకా పోయి అక్కడి నుంచి 8. ఎప్పుడూ తక్కువ నుంచి ఎక్కువకు వస్తూ ఆపాలి. దాటిపోతే కొంచెం వెనక్కి తెచ్చి మళ్లీ పైకి రావాలి. మరలో ఉండే చిన్న వదులు అంకెను తప్పు చూపకుండా ఇది కాపాడుతుంది. తర్వాత పిడి కింద ఉన్న లాక్ బిగించడం మరవకూడదు. లాక్ వేయకపోతే లాగేటప్పుడు పిడి అరచేతిలో తిరిగి అంకె మారిపోతుంది.

గొట్టం అవతలి వైపు ఫుట్ పౌండ్ల స్కేలు ఉంటుంది. ఒక ఫుట్ పౌండు 1.356 న్యూటన్ మీటర్లు. 80 ఫుట్ పౌండ్లు అని చదివి న్యూటన్ మీటర్ల వైపు 80 పెట్టారంటే నట్టు పావు వంతుకు పైగా తక్కువ బిగిసినట్టే. అమెరికాలో ఉన్న మనవాళ్లు చేసిన తెలుగు వీడియోలు చూసి ఇక్కడ బిగించేవాళ్లు ముఖ్యంగా ఈ ఒక్కటీ గమనించాలి, అక్కడ అంతా ఫుట్ పౌండ్లే. కిలోల లెక్కలో చెప్పే మాన్యువళ్లు కూడా ఉన్నాయి. ఒక మీటరు పొడవు చివర ఒక కిలో బలం అంటే 9.81 న్యూటన్ మీటర్లు.

క్లిక్ ఎలా వస్తుందో తెలిస్తే సగం తప్పులు జరగవు. పిడి తిప్పినప్పుడు లోపలి స్ప్రింగు నొక్కుకుపోతుంది. ఆ స్ప్రింగు ఒక చిన్న దిమ్మను కడ్డీకి అదిమిపట్టి ఉంచుతుంది. మనం పెట్టిన బలం రాగానే ఆ దిమ్మ పక్కకు ఒరిగి కడ్డీ గొట్టం గోడకు టక్కున తగులుతుంది. చప్పుడు అదే. ఆ క్షణాన పిడి మూడు నాలుగు డిగ్రీలు వదులుగా జారుతుంది, ఆ తర్వాత మళ్లీ గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డాక కూడా లాగుతూ పోతే ఇది ఉత్త ఇనుప కడ్డీయే, ఎంత లాగితే అంత ఎక్కుతుంది. చప్పుడు రాగానే చేయి ఆగాలి. "ఇంకొక్క క్లిక్కు, గ్యారంటీకి" అనే అలవాటు మానుకోవాలి. ఒక్కో క్లిక్కూ ఇంకొంచెం ఎక్కిస్తుంది. 100 దగ్గర క్లిక్ చెవికీ చేతికీ స్పష్టంగా తెలుస్తుంది. 30, 40 దగ్గర మాత్రం బాగా సన్నగా ఉంటుంది, రోడ్డు పక్కన హారన్ల మధ్య వినపడదు.

దీని ఖచ్చితత్వం గురించి డబ్బా మీద ఉండే మాట, ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం. ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ రకానికి పెట్టిన హద్దు అదే. చక్రం నట్లకు 4 శాతం తేడా పెద్ద లెక్కలోది కాదు. 100 పెడితే 96 నుంచి 104 మధ్య ఎక్కడ పడినా ఇబ్బంది లేదు. డబ్బాలో వచ్చే సర్టిఫికెట్‌ను మాత్రం ఒకసారి చూడాలి. ఆ ప్రమాణం ప్రకారం పరీక్షించేది గరిష్ఠ విలువలో 20, 60, 100 శాతం దగ్గర. 210 రెంచ్‌కు అవి 42, 126, 210. సర్టిఫికెట్‌లో ఈ మూడు చోట్ల రీడింగులు ఉండాలి, దాని మీది సీరియల్ నంబరు గొట్టం మీద చెక్కిన నంబరుతో కలవాలి. ఏ అంకెలూ లేకుండా పరీక్షించాం అని ముద్ర కొట్టిన కాగితం ఉంటే దానికి విలువ లేదు. స్కేలు 28 దగ్గర మొదలైనా ధ్రువీకరించేది 42 నుంచే అన్నది గుర్తుంచుకుంటే, ఇంజన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు కూడా దీన్నే వాడేద్దామనే ఆలోచన రాదు. ఆ బోల్టులు చాలావరకు 35, 40 దగ్గర ఉంటాయి. వాటికి త్రీ ఎయిత్ డ్రైవ్‌లో చిన్న రెంచ్ వేరే కావాలి. 110 దగ్గర ఆగిపోయే ఆ చిన్న రెంచ్ మాత్రం 120 కావాల్సిన చక్రం నట్లకు చాలదు.

దుకాణంలో చేతిలోకి తీసుకున్నప్పుడు చూడాల్సినవి కొన్ని. పిడిని 98 దగ్గరకు తెచ్చినప్పుడు పిడి అంచు, 0 గీత రెండూ ఒకేసారి కలవాలి. అంచు 98 దగ్గర ఉండి 0 పక్కకు పోయిందంటే స్కేలు అమర్చడంలోనే తేడా ఉంది. తలలోని రాచెట్ (ఒక వైపే పట్టు ఇచ్చి, రెండో వైపు వదులుగా వెనక్కి రానిచ్చే చక్రం) పళ్లు చూడాలి. 24 పళ్లదైతే మళ్లీ పట్టు దొరకడానికి 15 డిగ్రీలు వెనక్కి రావాలి, 72 పళ్లదైతే 5 డిగ్రీలు చాలు. చక్రం దగ్గర జాగాకు కొదవ లేదు కాబట్టి 24 పళ్లదైనా సరిపోతుంది. పళ్లు పెద్దవి కావడం వల్ల మొండిగా ఎక్కువ కాలం కూడా నిలుస్తుంది. పొడవు 45 సెంటీమీటర్లకు తగ్గనిది మంచిది. పిడి మధ్యలో పట్టుకుంటే డ్రైవ్ నుంచి సుమారు 40 సెంటీమీటర్లు వస్తుంది, 100 రావడానికి 25 కిలోల బలంతో లాగితే చాలు. ఇంట్లో ఆడవాళ్లయినా పెద్దవాళ్లయినా చేసుకోగల పని ఇది.

చౌక రెంచ్‌ను నమ్మవచ్చా అనే అనుమానం తీర్చుకోవడానికి ల్యాబు దాకా పోనక్కర్లేదు, ఇంట్లో బియ్యం బస్తా చాలు. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద జీఎస్టీ పడ్డాక చాలా మిల్లులు 26 కిలోల బస్తాకు మారాయి. మన లెక్కకు అది ఇంకా బాగా కుదిరింది. రెంచ్ డ్రైవ్‌ను గట్టి బెంచ్ వైస్‌లో బిగించి, గొట్టం నేలకు సమాంతరంగా ఉండేలా పెట్టాలి. డ్రైవ్ మధ్య నుంచి పిడి మధ్యకు టేపుతో కొలవాలి, 40 సెంటీమీటర్లు అనుకుందాం. బస్తాను తాడుతో సహా తూకం వేసి, సరిగ్గా ఆ పిడి మధ్య గుర్తు దగ్గర వేలాడదీయాలి. 26 ఇంటూ 0.40 ఇంటూ 9.81 చేస్తే 102. రెంచ్ సొంత బరువు మరో రెండున్నర కలుపుతుంది. మొత్తం 104.5. దీనికి 4 శాతం అటూ ఇటూ అంటే 100 నుంచి 109. రెంచ్‌ను 100 దగ్గర పెట్టి బస్తాను మెల్లగా వదిలితే క్లిక్ రావాలి. 109 దగ్గర పెడితే రాకూడదు. రెండూ జరిగితే మీ రెంచ్ మనకు కావాల్సిన చోట చెప్పిన హద్దులోనే ఉంది. బస్తాను ఒక్కసారిగా జారవిడిస్తే కుదుపుకే క్లిక్ వస్తుంది, అది లెక్కలోకి రాదు. కింద కాళ్లు పెట్టకుండా చూసుకోవాలి. ఇంట్లో వైస్ లేకపోతే వెల్డింగ్ షాపులోనో లేత్ షాపులోనో పది నిమిషాల పని.

రెంచ్ ఒక్కటే కొంటే పని కాదు. డీప్ సాకెట్ ఒకటి కావాలి, ఆరు మూలలది. పన్నెండు మూలల సాకెట్ నట్టు అంచులను నలిపేస్తుంది. మారుతి, హోండా కార్లకు సాధారణంగా 19 మిల్లీమీటర్లది, హ్యుందాయ్, టయోటాలకు 21, ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో నట్లకు బదులు బోల్టులుంటాయి, వాటికి 17. అలాయ్ వీల్ రంధ్రాలు ఇరుకుగా ఉంటాయి కాబట్టి గోడ పలచగా ఉండి పైన నైలాన్ తొడుగు ఉన్న సాకెట్ తీసుకుంటే రిమ్ము గీసుకుపోదు. అయిదారు అంగుళాల ఎక్స్‌టెన్షన్ కడ్డీ ఉంటే రెంచ్ ఫెండరుకు తగలదు. తిన్నగా ఉండే ఎక్స్‌టెన్షన్ వల్ల టార్క్ మారదు, ఆ భయం అక్కర్లేదు. విప్పడానికి మాత్రం వేరే పొడవాటి బ్రేకర్ బార్ గానీ క్రాస్ స్పానర్ గానీ వాడాలి. పంచర్ షాపు గన్‌తో (నట్లు వేగంగా బిగించే యంత్రంతో) 250, 300 దాకా ఎక్కిన నట్టును టార్క్ రెంచ్‌తో విప్పబోయారంటే అది ఆ రోజుతో పోయినట్టే.

మరి ఎంత బిగించాలి? కారు మాన్యువల్‌లో ఉన్నదే ప్రమాణం. ఒక అంచనా కోసం చెప్పాలంటే, మారుతి కొత్త స్విఫ్ట్, బలెనోలకు 100, అదే కంపెనీ పాత మోడళ్లకు 85. టయోటా కార్లలో చాలావాటికి 103. హోండా సిటీ, అమేజ్‌లకు 108. హ్యుందాయ్ కొత్త కార్లకు 107 నుంచి 127 మధ్య, పాతవాటికి 88 నుంచి 107. ఫోక్స్‌వాగన్ పోలోకు 120. పెద్ద ఎస్‌యూవీలు, పికప్‌లు వేరే లెక్క. ఇనుప రిమ్ముకూ అలాయ్‌కూ వేర్వేరు అంకెలు ఇచ్చిన మాన్యువళ్లు కూడా ఉన్నాయి. పక్కింటి కారు అంకె మీ కారుకు పనికిరాదు.

బిగించే పద్ధతి

సమతలంగా ఉన్న చోట కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మొదటి గేరులో ఉంచి, ఎత్తబోయే చక్రానికి మూలగా ఎదురున్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ పనిచేసేది వెనక చక్రాల మీద. వెనక వైపు ఎత్తేటప్పుడు రాయి ఇంకా అవసరం. జాకీ ఎక్కించకముందే, టైరు నేల మీదుండగానే నట్లను సగం చుట్టు వదులు చేయాలి. చక్రం విప్పాక దాన్ని పడుకోబెట్టి కారు అంచు కిందకు నెట్టి ఉంచాలి. జాకీ జారితే కారు దాని మీద ఆగుతుంది.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని. హబ్ ముఖం, రిమ్ము వెనక భాగం రెండూ తీగ బ్రష్‌తో రుద్దాలి. కోస్తా ఊళ్లలో ఉప్పు గాలికి ఇక్కడ తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. ఆ పొర మీద బిగిస్తే ఆ పూటకు 100 చూపిస్తుంది, వంద కిలోమీటర్లు తిరిగేసరికి పొర నలిగి పలచబడుతుంది, అదుముడు సడలిపోతుంది. నట్టు తిరగకపోయినా చక్రం వదులవుతుంది. రిమ్ములకు కొత్తగా పౌడర్ కోటింగ్ వేయించినప్పుడూ ఇదే కథ. నట్టు కూర్చునే శంఖు గుంటలో మందంగా పెయింటు ఉంటే గీకించాలి. హబ్ మధ్య బొడ్డు చుట్టూ పలచగా గ్రీజు పూస్తే వచ్చేసారి రిమ్ము అతుక్కోకుండా వస్తుంది. అది స్టడ్ల మీదికీ డిస్కు మీదికీ రాకుండా చూడాలి.

స్టడ్డు మరల మీద నూనె, గ్రీజు వద్దే వద్దు. తుప్పు పట్టకుండా కాస్త పూస్తే మంచిదే కదా అని చాలామంది మెకానిక్కులే అంటారు. బిగించే బలంలో దాదాపు తొంభై శాతం మరల్లో, నట్టు కింద రాపిడికే ఖర్చవుతుంది. స్టడ్డును సాగదీసేది మిగిలిన పదో వంతే. రాపిడి కాస్త తగ్గితే చాలు, ఆ పదో వంతు అమాంతం పెరుగుతుంది. పొడి మర మీద 4.2 టన్నులు ఇచ్చే అదే 100, నూనె పూసిన మర మీద అయిదున్నర టన్నులకు పైగా ఇవ్వగలదు. రెంచ్ మాత్రం రెండుసార్లూ 100 దగ్గరే క్లిక్ కొడుతుంది. కారు కంపెనీ మాన్యువల్‌లో నూనె రాయమని ప్రత్యేకంగా చెబితే తప్ప మరలు పొడిగానే ఉండాలి. బిగుసుకుపోయిన నట్టు విప్పడానికి స్ప్రే కొట్టినా, తిరిగి బిగించే ముందు గుడ్డతో శుభ్రంగా తుడవాలి.

నట్లను ముందు వేళ్లతోనే తిప్పాలి, గన్‌తో కాదు. రెండు చుట్లకే గట్టిపడితే మర అడ్డంగా పట్టిందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద మర ఎడం 1.5 అయితే నట్టు కూర్చునేలోపు కనీసం ఎనిమిది చుట్లు, 1.25 అయితే పది చుట్లు తిరగాలి. అంతకన్నా తక్కువ తిరిగిందంటే స్పేసరో (హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే పలక), మందం ఎక్కువున్న బయటి అలాయ్‌యో పెట్టి స్టడ్డు పొట్టిదైపోయిందన్నమాట. ఆ బండికి ఏ టార్క్ రెంచ్ కొన్నా లాభం లేదు, పొడవాటి స్టడ్లు వేయించాలి.

నాలుగు నట్లయితే ఎదురెదురుగా, అయిదయితే ఒకటి విడిచి ఒకటి నక్షత్రం గీసినట్టు బిగించాలి. గాలిలో ఉండగా స్పానర్‌తో చేతి బలానికి బిగించి రిమ్ము హబ్‌కు పూర్తిగా ఆనేలా చేయాలి. జాకీ దించుతూ టైరు నేలను తాకి చక్రం తిరగకుండా ఆగిన దగ్గర నిలపాలి, కారు బరువంతా ఇంకా పడకూడదు. అప్పుడు రెంచ్ 55 దగ్గర పెట్టి అదే వరుసలో నట్లన్నిటినీ ఒకసారి, తర్వాత అసలు అంకె పెట్టి రెండోసారి బిగించాలి. లాగడం నిదానంగా, ఒకే ఊపులో సాగాలి. పిడి మధ్య గుర్తు దగ్గరే చేయి ఉండాలి. రెండో చేత్తో రెంచ్ తలను నట్టు మీద నిలిపి ఉంచితే సాకెట్ ఒరగదు. కుదుపుగా లాగితే 100 పెట్టిన చోట 115 ఎక్కవచ్చు. వీలైనంతవరకు చక్రం చల్లగా ఉన్నప్పుడే చేయాలి, హైవే మీద నుంచి దిగీ దిగగానే కాదు.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే అంకె పెట్టి ఒకసారి లాగి చూడాలి. నట్టు కదలకుండా క్లిక్ వస్తే సరే. కాస్త తిరిగి క్లిక్ వస్తే పొర ఏదో సర్దుకుందని అర్థం, ఇంకో 100 కిలోమీటర్లకు మళ్లీ చూడాలి. ప్రతిసారీ తిరుగుతూనే ఉంటే రిమ్ము విప్పి చూడాల్సిందే. ఈ పరీక్ష తక్కువ బిగిసిన నట్టునే పట్టిస్తుంది. 200 ఎక్కిన నట్టు కూడా 100 దగ్గర బుద్ధిగా క్లిక్ కొడుతుంది. గన్‌తో బిగించిన చక్రాన్ని ఇంటికి తెచ్చి రెంచ్‌తో చెక్ చేసి "సరిపోయింది" అనుకోవడం అందుకే అర్థం లేని పని. చేయాల్సింది ఒక్కొక్క నట్టూ విప్పి, మరల మీద నూనె ఏమైనా ఉంటే తుడిచి, మళ్లీ బిగించడం.

టైర్ల షాపుకు వెళ్లినప్పుడు రెంచ్ వెంట తీసుకుపోవడం ఉత్తమం. "అన్నా, గన్ కొట్టకు. చేత్తో తిప్పి వదిలెయ్, చివర నేను బిగించుకుంటా" అంటే కాదనేవాళ్లు తక్కువ. గన్‌తో నష్టం స్టడ్లకే పరిమితం కాదు. నట్లు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా బిగిస్తే వాటి వెనకున్న బ్రేకు డిస్కు సన్నగా వంకర పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ వంకర వల్ల డిస్కు మందం ఒక్కోచోట ఒక్కోలా అరుగుతుంది, బ్రేకు తొక్కితే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. అప్పుడు అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా తగ్గదు.

బయటి అలాయ్‌లు వేయించుకున్నవాళ్లు నట్టు అడుగు ఆకారం తప్పక చూడాలి. 60 డిగ్రీల శంఖు ఆకారం ఎక్కువ వాడుకలో ఉంది. హోండా కంపెనీ రిమ్ములకు, ఫోక్స్‌వాగన్ బోల్టులకు అడుగు గుండ్రంగా ఉంటుంది. టయోటా కంపెనీ అలాయ్‌లు కొన్నింటికి చదునైన వాషర్ ఉన్న నట్లు వస్తాయి. గుండ్రటి నట్టును శంఖు గుంటలో బిగిస్తే సన్నటి గీత మేరకే ఆనుతుంది. రెంచ్ క్లిక్ కొడుతుంది, నట్టు మాత్రం నాలుగు రోజుల్లో వదులవుతుంది. అలాయ్‌లు వేయించుకున్నాక స్టెప్నీ ఇనుప రిమ్ముకు ఏ నట్లు సరిపోతాయో అప్పుడే అడిగి, వేరేవి కావాలంటే ఒక సెట్ డిక్కీలో పడేయడం మంచిది.

దీనికి ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. ముల్లు చూపించే బీమ్ రకంలో స్ప్రింగు లేదు, లాక్ లేదు, చెడిపోయేదీ పెద్దగా లేదు. కానీ ముల్లును నిటారుగా పైనుంచి చూస్తూ లాగాలి, చక్రం దగ్గర నడుము వంచి అలా చూడటం కష్టం. సాకెట్‌కూ రాడ్‌కూ మధ్య పెట్టే డిజిటల్ అడాప్టర్ చిన్నది, అంకె చూపిస్తుంది, బీప్ కొడుతుంది. బ్యాటరీ అయిపోతే ఉత్త ముక్క. ఏదీ కొనలేనివాళ్లకు ఒక ఉపాయం ఉంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన ఇళ్లలో 23 కిలోల సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు తప్పక ఉంటుంది. 30 సెంటీమీటర్ల స్పానర్ చివర దాన్ని తగిలించి, స్పానర్‌కు లంబకోణంలో లాగి, 34 కిలోలు చూపగానే ఆపితే 100 న్యూటన్ మీటర్లు. 25 సెంటీమీటర్ల స్పానర్ అయితే 41 కిలోలు. కోణం తప్పితే అంకె తప్పుతుంది, కాబట్టి పది శాతం తేడాకు సిద్ధపడాలి. కాలితో తొక్కడం కంటే ఎన్నో రెట్లు నయం.

రెంచ్‌ను వాడాక స్కేలులో అన్నిటికంటే తక్కువ అంకె దగ్గరకు, అంటే 28కి దించి డబ్బాలో పెట్టాలి. 100 దగ్గరే నెలల తరబడి వదిలేస్తే స్ప్రింగు అలసి తక్కువకే క్లిక్ కొట్టడం మొదలుపెడుతుంది. 28 కంటే కిందికి తిప్పేసినా తప్పే, లోపలి దిమ్మ స్థానం తప్పవచ్చు. చాలాకాలం పక్కన పెట్టి తీస్తే ముందు 100 దగ్గర నాలుగైదు క్లిక్కులు ఇచ్చి లోపలి గ్రీజును కదిలించాలి. కింద పడేస్తే మళ్లీ బియ్యం బస్తా పరీక్ష. ప్రమాణం చెప్పేది 5000 క్లిక్కులకో 12 నెలలకో ఒకసారి క్యాలిబ్రేషన్ (అంకె సరిచూసి సరిదిద్దడం). షాపువాళ్లకు అది తప్పదు. ఏడాదికి నాలుగైదుసార్లు చక్రాలు విప్పే ఇంటి మనిషికి క్యాలిబ్రేషన్ ఫీజు రెంచ్ ధరతో పోటీపడుతుంది, బస్తా పరీక్షే గిట్టుబాటు.

ధర ఆన్‌లైన్‌లో సుమారు రెండు వేల నుంచి నాలుగు వేల మధ్య ఆడుతుంటుంది. హైదరాబాద్‌లో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్ లాంటి చోట్ల చేత్తో తిప్పి చూసి కొనుక్కోవచ్చు, పైన చెప్పిన 98 గీత, సీరియల్ నంబరు పరీక్షలు అక్కడే అయిపోతాయి. సాకెట్లు, ఎక్స్‌టెన్షన్ కలిపి ఇచ్చే సెట్ తీసుకుంటే అందులోని సాకెట్లు 17, 19, 21 అవునో కాదో చూడండి, ఒకటి మనకు తగిలేది ఉంటే చాలు. ఎటూ చక్రం విప్పని, టైర్ల పనంతా టార్క్ రెంచ్ వాడే షాపులోనే చేయించుకునే వాళ్లకు దీని అవసరం లేదు. ఆ డబ్బుతో మంచి క్రాస్ స్పానర్, కొక్కెం త్రాసు డిక్కీలో పెట్టుకుంటే రోడ్డు మీద స్టెప్నీ మార్చే రోజుకు సరిపోతాయి.